పురుగుమందును విరిచే సూక్ష్మజీవి: అనంతపురం ప్రయోగశాలలో తేలిన గుట్టు

కణేకల్: తుంగభద్ర ఎగువ కాలువకు నీళ్లు వదిలారంటే కణేకల్ చెరువు కింద, కాలువ వెంబడి వరి మళ్లు పచ్చబడతాయి. పైరు ఎదిగితే పురుగు వస్తుంది. పురుగు వెంట మందు డబ్బా వస్తుంది. మడిలో చల్లిన గుళికలు, పైరు మీద కొట్టిన మందు తమ పని అయిపోయిన తర్వాత ఏమవుతున్నట్టు? కొంత ఎండకు పోతుంది. కొంత నీళ్లతో పోతుంది. మిగిలినదానిలో చాలా భాగాన్ని మట్టిలో కంటికి కనబడని జీవులు విరగ్గొట్టి తింటాయి.

ఈ జీవులకు ఆ విద్య ఎలా వచ్చింది? ఒకదాని నుంచి మరొకదానికి ఎలా పాకుతోంది? ఈ ప్రశ్నలకు దొరికిన జవాబులో ఒక ముఖ్యమైన భాగం ఎక్కడో విదేశాల్లో కాక మన జిల్లాలోనే, అనంతపురం శివార్లలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో తేలింది. వరి, మిరప, పత్తి పండించే ప్రతి రైతుకూ సంబంధించిన విషయమిది.

కరువు జిల్లాలో ప్రయోగశాల

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1968లో తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వారి పోస్టుగ్రాడ్యుయేట్ కేంద్రంగా మొదలైంది. 1981లో సొంత విశ్వవిద్యాలయంగా ఏర్పడింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని జిల్లాకు ఉన్నత చదువు అందించడానికి పుట్టిన సంస్థ ఇది. అక్కడి జీవరసాయన శాస్త్ర శాఖలో ప్రొఫెసర్ దయానంద సిద్దవటం, ఆయన దగ్గర పరిశోధన చేసిన విద్యార్థులు నేలలోని బాక్టీరియాను పట్టుకున్నారు. పురుగుమందును విరిచే జన్యువు ఆ బాక్టీరియాలో ఎక్కడ ఉంది, దాని ఇరుగుపొరుగున ఏమున్నాయి అన్నది వారు ఎత్తుకున్న ప్రశ్న.

జన్యువు దొరికితే చాలదా, అది ఉన్న చోటుతో పనేమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. అసలు గుట్టంతా ఆ చోటులోనే ఉంది. అది తెలియాలంటే ముందుగా బాక్టీరియా తన జన్యువులను ఎలా సర్దుకుంటుందో కొంచెం చూడాలి.

మూరెడు కడవలో 800 మూరల దారం

ప్రతి జీవికీ తన లక్షణాలన్నీ డీఎన్‌ఏ అనే సన్నని పోగులో రాసి ఉంటాయి. ఆ రాతలో ఒక్కొక్క పనికి సంబంధించిన భాగాన్ని జన్యువు అంటారు. జన్యువులన్నీ ఉన్న ప్రధానమైన పోగు క్రోమోజోము. మనుషుల పేగుల్లో ఉండే ఇ. కోలై అనే బాక్టీరియాలో ఈ పోగు రెండు కొసలూ కలిసిన చుట్టలా ఉంటుంది. దాన్ని 1963లో జాన్ కెయిర్న్స్ అనే శాస్త్రజ్ఞుడు ఫొటోలో చూపించాడు. ఆ చుట్ట మీద ఉన్న సుమారు 46 లక్షల 39 వేల అక్షరాలను 1997 నాటికి పూర్తిగా చదివేశారు.

ఆ బాక్టీరియా పొడవు మిల్లీమీటరులో ఐదువందల వంతు మాత్రమే. దాని క్రోమోజోమును సాగదీస్తే మాత్రం ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే ఇంటికన్నా లోపలి సామాను సుమారు 800 రెట్లు పొడవు. బాక్టీరియాను మూరెడు ఎత్తున్న కడవ అనుకుంటే, అందులో 800 మూరల నూలుదారం పట్టాలన్న మాట. ఊరికే కుక్కితే చిక్కు పడుతుంది. చిక్కు పడితే బాక్టీరియా చస్తుంది. ఎందుకంటే ఆ దారాన్ని అది నిత్యం చదువుకోవాలి. తాను రెండుగా చీలే ముందు దానికి మరో నకలు కూడా తీసుకోవాలి.

ఈ చిక్కు రాకుండా బాక్టీరియా చేసే పని తాళ్లు పేనేవారికి బాగా అర్థమవుతుంది. తాడుకు పురి ఎక్కిస్తే అది తనంతట తానే మెలికలు పడి దగ్గరకు ముడుచుకుంటుంది. బాక్టీరియాలోనూ డీఎన్‌ఏకు పురి ఎక్కించే ఎంజైములు ఉన్నాయి, పురి విప్పేవీ ఉన్నాయి. ఇవి కాక హెచ్‌యూ వంటి చిన్న ప్రోటీన్లు పోగును అక్కడక్కడ వంచి, ఉచ్చులు ఉచ్చులుగా పట్టి ఉంచుతాయి. చదవవలసిన భాగం దగ్గర పురి వదులవుతుంది, పని కాగానే మళ్లీ బిగుస్తుంది.

ఈ చుట్ట మీద జన్యువు ఎక్కడ ఉందన్నదానికి కూడా విలువ ఉంది. నకలు తీయడం ఒకే చోట మొదలై రెండు వైపులా సాగి, ఎదుటి వైపున కలుస్తుంది. మొదలు దగ్గర ఉన్న జన్యువులకు ముందుగా నకలు తయారవుతుంది. బాక్టీరియా వేగంగా పెరిగే సమయంలో వాటి ప్రతులే ఎక్కువగా ఉంటాయి. తూము దగ్గరి మడికి ముందుగా నీరు పారి, చివరి ఆయకట్టు ఎదురుచూస్తూ ఉండడం మన కాలువ రైతులకు తెలిసినదే. జన్యువుల విషయంలోనూ అదే తీరు.

పొలం ఒకటి, మంద ఒకటి

క్రోమోజోము కాక చాలా బాక్టీరియాలో చిన్న చిన్న చుట్టలు విడిగా ఉంటాయి. వీటిని ప్లాస్మిడ్లు అంటారు. ఆ పేరు 1952లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాషువా లెడర్‌బర్గ్ పెట్టాడు. ఒక రైతుకు పొలమూ, గొర్రెల మందా రెండూ ఉన్నాయనుకోండి. పొలం కదలదు, తరతరాలుగా పిల్లలకు దక్కుతుంది. మందను సంతకు తోలవచ్చు, పక్క ఊరివాడికి ఇవ్వవచ్చు. క్రోమోజోము చాలావరకు పొలం లాంటిది, ప్లాస్మిడ్ మంద లాంటిది. రెండు బాక్టీరియా ఒకదానికొకటి తగిలి ఉన్నప్పుడు ప్లాస్మిడ్ నకలు ఒకదాని నుంచి మరొకదానికి పోగలదు. రెండూ ఒకే జాతివి కానక్కరలేదు.

ఇంకో విచిత్రం కూడా ఉంది. డీఎన్‌ఏలో కొన్ని ముక్కలు ఉన్నచోట ఉండవు. ఒకచోటి నుంచి లేచి మరోచోట అతుక్కుంటాయి. ఇలాంటి ఎగిరే ముక్కలను మొదట కనిపెట్టింది బార్బరా మెక్‌క్లింటాక్ అనే అమెరికా మహిళ. ఆమె చూసింది ప్రయోగశాల సీసాల్లో కాదు, మొక్కజొన్న కంకుల గింజల రంగుల్లో. చాలా ఏళ్లు ఆమె మాటను పట్టించుకున్నవారు తక్కువ. చివరికి 1983లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఎగిరే ముక్క ప్లాస్మిడ్ మీద వాలి, ఆ ప్లాస్మిడ్ వేరే బాక్టీరియాకు పోతే, కొత్త విద్య కూడా దానితోపాటే పోతుంది.

ఫిలిప్పీన్స్ వరి మళ్లలో మొదలు

పారాథియాన్ అనే పురుగుమందును 1944లో జర్మనీలో గెర్హార్డ్ ష్రేడర్ తయారు చేశాడు. మిథైల్ పారాథియాన్, డయాజినాన్, క్లోరిపైరిఫాస్ అన్నీ ఆ కుటుంబానివే. వీటిని ఆర్గానోఫాస్ఫేట్ మందులంటారు. ఫాలిడాల్ పేరు ఎరుగని పాతకాలపు రైతు ఉండడు. ఈ మందులు పురుగు నరాలలోని ఒక ఎంజైమును కట్టి పడేస్తాయి, నరం అదుపు తప్పి పురుగు చస్తుంది. మనిషి నరాలలోనూ అదే ఎంజైము ఉంది. మందు కొట్టేవాడికి ప్రమాదం వచ్చేది అందువల్లనే.

1970 దశకం మొదట్లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో భారతీయ శాస్త్రజ్ఞుడు ఎన్. సేతునాథన్ ఒక సంగతి గమనించాడు. ఒకే మడిలో డయాజినాన్ మళ్లీ మళ్లీ వేస్తే, ప్రతిసారీ అది ముందటికన్నా త్వరగా విరిగిపోతోంది. ఈ సంగతి 1972లో అచ్చయింది. మరుసటి ఏడు ఆయన, జపాన్ శాస్త్రజ్ఞుడు యోషిడా కలిసి ఆ పని చేస్తున్న బాక్టీరియాను వరి మడి నుంచి వేరు చేసి చూపించారు. దానికి ఫ్లావోబాక్టీరియం అన్న పేరు పెట్టారు. ఇప్పుడు దాన్ని స్ఫింగోబియం అనే జాతిలో చేర్చారు.

మందు పుట్టింది 1944లో. దాన్ని తినే జీవి దొరికింది 1973లో. అంటే ముప్పై ఏళ్లు కూడా నిండకముందే, లోకంలో అంతకుముందు లేని విషాన్ని విరిచే నేర్పు ఒక జీవికి వచ్చింది. మరేదో పదార్థాన్ని విరవడానికి ఉన్న పాత ఎంజైమే కొద్ది మార్పులతో ఈ పనికి పదునెక్కి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

తర్వాత మరో వింత బయటపడింది. అమెరికాలో దొరికిన సూడోమోనాస్ అనే వేరే బాక్టీరియాలో కూడా ఇదే పని చేసే జన్యువు ఉంది. అది ప్లాస్మిడ్ మీద ఉన్నట్టు 1982లో తెలిసింది. ఫిలిప్పీన్స్ బాక్టీరియాలోనూ అది ప్లాస్మిడ్ మీదే ఉందనీ, అమెరికా జన్యువుతో సరిపోలుతోందనీ 1986లో తెలిసింది. జన్యువు పేరు ఓపీడీ. రెండు ప్లాస్మిడ్లూ మాత్రం ఒకదానికొకటి పోలిక లేనివి. సముద్రాలకు ఇరువైపులా ఉన్న, జాతి కూడా కలవని రెండు జీవుల దగ్గరికి ఒకే జన్యువు ఎలా వచ్చింది?

అనంతపురంలో తేలింది

ఈ ముడి విప్పే పనిలోనే అనంతపురం బృందం దిగింది. 1995లో నేలలో ఉండే మరో బాక్టీరియాలో ప్లాస్మిడ్ ద్వారా పురుగుమందు విరిగే తీరును వారు ప్రకటించారు. ఆ తర్వాత ఓపీడీ జన్యువుకు అటూ ఇటూ ఉన్న రాతను అక్షరం అక్షరంగా చదివారు. ఇంగ్లండులోని నార్విచ్ పట్టణంలో ఉన్న జాన్ ఇన్నెస్ కేంద్రం శాస్త్రజ్ఞుడు మైక్ మెరిక్ ఇందులో వారితో చేయి కలిపారు. ఫలితం 2003లో అమెరికా సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుల సంఘం పత్రికలో అచ్చయింది.

వారు చూసినది ఇది. ఓపీడీ జన్యువుకు ఒక వైపున ఒక ఎగిరే ముక్క ఉంది. మరో వైపున వేరే కుటుంబానికి చెందిన ఎగిరే ముక్క తాలూకు జన్యువులు ఉన్నాయి. నడుమ ఓపీడీ, దాని పక్కనే మరో ఎంజైము జన్యువు. ముందొక ఎద్దు, వెనకొక ఎద్దు ఉన్న బండిలో సరుకు పెట్టినట్టు ఉంది అమరిక. ఈ జన్యువు ఉన్నచోటే ఉండేది కాదు, ప్రయాణానికి కట్టిన మూట అని దాని ఇరుగుపొరుగును బట్టి తేలింది. పోలిక లేని ప్లాస్మిడ్ల మీద ఒకే జన్యువు కనబడడానికి కారణం ఇదేనని వారు ప్రతిపాదించారు.

అదే ఏడాది ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు తమ దేశపు బాక్టీరియాలో దీనికి దగ్గరి చుట్టమైన జన్యువు క్రోమోజోము మీద ఉన్నట్టు, అది కూడా ఎగరగలిగినదేనని ప్రకటించారు. ఒకచోట ప్లాస్మిడ్ మీద, మరోచోట క్రోమోజోము మీద ఇలాంటి జన్యువులు ఉండడం అనంతపురం వారి మాటకు బలం చేకూర్చింది.

పసుపు రంగు కోసం ఎదురుచూపు

పైకి చూస్తే ఇలాంటి ప్రయోగశాల పనిలో ఆర్భాటం ఏమీ ఉండదు. మట్టిని నీళ్లలో కలిపి, పలచన చేసి, అగర్ అనే జెల్లీ పోసిన గాజు పళ్లేలలో పూస్తారు. ఆ జెల్లీలో తిండిగా పురుగుమందునే పెడతారు. దాన్ని తినగలిగిన జీవి మాత్రమే చుక్కలా పెరుగుతుంది. మిథైల్ పారాథియాన్ విరిగితే వచ్చే ఒక పదార్థం పసుపు రంగులో ఉంటుంది. సీసాలో నీరు పసుపు తేలిందంటే ఎంజైము పని చేస్తున్నట్టు లెక్క.

తర్వాత ఆ బాక్టీరియా నుంచి డీఎన్‌ఏ తీసి, కత్తెరల్లాంటి ఎంజైములతో ముక్కలు చేస్తారు. ముక్కలను జెల్లీ పలకలో పెట్టి కరెంటు పారిస్తారు. చిన్న ముక్కలు ముందుకు, పెద్దవి వెనక్కు చేరతాయి. సంతకు నడిచే దారిలో పిల్లలు ముందుకు ఉరికితే, మూటలెత్తుకున్నవారు వెనకబడినట్టు ఉంటుంది. ఆ వరసను చూసి ఏ జన్యువు పక్కన ఏది ఉందో తేలుస్తారు. ఒక్కో ముక్కకు నెలలు పట్టవచ్చు. గాజు సామాను సరిగా కడిగి ఆవిరిలో ఉడికించకపోతే వేరే బాక్టీరియా చేరి పని మొత్తం పాడవుతుంది. అందుకే అక్కడ ప్రొఫెసర్ ఎంత ముఖ్యమో, సీసాలు కడిగే సహాయకుడూ అంత ముఖ్యం.

ఈ ఎంజైము పని చేయాలంటే లోపల లోహం ఉండాలి. సహజంగా ఉండేది జింకు. వరికి లోపం వచ్చిందని మన రైతులు వేసే జింకే ఇది. జింకు, కోబాల్టు ఈ ఎంజైము మీద చూపే ప్రభావాన్ని కూడా ఈ బృందం పరిశీలించి 2005లో ప్రకటించింది.

హైదరాబాదులో కొనసాగిన పని

దయానంద తర్వాత హైదరాబాదు విశ్వవిద్యాలయానికి వెళ్లారు. పని అక్కడ ముందుకు సాగింది. అమెరికా బాక్టీరియాలోని ప్లాస్మిడ్ తనంతట తానే వేరే బాక్టీరియాకు పోగలదని 2011లో తేలింది. ఫిలిప్పీన్స్ బాక్టీరియా ప్లాస్మిడ్‌లో ఉన్న సుమారు 37 వేల అక్షరాలనూ చదివి, అది ఇతర జీవుల్లోకి చేరడానికి ఒకటికి మించి దారులున్నాయని 2012లో చూపారు. 2019లో ఆ బాక్టీరియా మొత్తం జన్యువుల అమరికనే ప్రకటించారు.

హైదరాబాదులోనే సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ఇలాంటి ప్రశ్ననే మరో వైపు నుంచి పట్టారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు చదువు చదివి పరిశోధనకు వచ్చిన జె. గౌరీశంకర్, ఆర్. హరినారాయణన్ కలిసి 2003లో ఒక సంగతి చెప్పారు. డీఎన్‌ఏ నుంచి తీసిన నకలు పోగు సమయానికి విడిపోకపోతే, తిరిగి డీఎన్‌ఏకే అతుక్కుని మెలిక పడుతుంది. అలాంటి మెలికలు క్రోమోజోములో ఎక్కువైతే కణంలో కొన్ని ప్లాస్మిడ్లు అదుపు లేకుండా పెరుగుతాయి. పెద్ద చుట్ట సర్దుబాటుకూ చిన్న చుట్టల లెక్కకూ సంబంధం ఉందన్న మాట.

రైతుకు ఇందులో ఏముంది?

మంచి ఒకటి ఉంది, హెచ్చరికలు రెండున్నాయి.

మంచి ఏమిటంటే, ఈ ఎంజైములను విషం పోగొట్టే పనికి వాడుకోవచ్చు. ఆస్ట్రేలియాలో పేలు పోవడానికి గొర్రెలను మందు నీళ్లలో ముంచి తీస్తారు. మిగిలిన ఆ నీళ్లలోని విషాన్ని విరవడానికి ఇటువంటి ఎంజైముతోనే ఒక పొడి తయారు చేసి అమ్మకానికి తెచ్చారు. గొర్రెల మందలు, వరి మళ్లు రెండూ ఉన్న ప్రాంతాలకు పనికి వచ్చే ఆలోచన ఇది.

మొదటి హెచ్చరిక మందు వాడకం గురించి. ఒకే మందును ఒకే మడిలో పదే పదే వేస్తే నేల దాన్ని తినడం నేర్చుకుంటుందని ఫిలిప్పీన్స్ మళ్లు 1972లోనే చెప్పాయి. అలా నేర్చుకున్న మడిలో గుళికలు వేసిన కొద్ది రోజులకే వాటి బలం తగ్గిపోతుంది. సుడిదోమ మాత్రం అలాగే ఉంటుంది. రైతు మందు నకిలీదనుకుంటాడు, లేదా మోతాదు చాలలేదనుకుని రెట్టింపు వేస్తాడు. మోతాదు పెంచితే ఖర్చు పెరుగుతుంది, తినే బాక్టీరియాకు విందు పెట్టినట్టూ అవుతుంది. మందు పని చేయనప్పుడు మోతాదు పెంచక, వ్యవసాయాధికారిని అడిగి మందు మార్చడం, అవసరమైతేనే కొట్టడం మంచిది.

సూక్ష్మజీవులు తింటాయి కదా అని విషాన్ని తేలిగ్గా తీసుకోరాదు. అవి పని చేయడానికి తేమ కావాలి, కాలం కావాలి. మెట్ట నేల ఎండిపోయి ఉంటే ఆ పని మందగిస్తుంది. విరిగిన ముక్కలు కూడా పూర్తిగా హాని లేనివి కావు. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టు ఉత్తర్వులో మిథైల్ పారాథియాన్, డయాజినాన్ మందులను నిషేధించింది. అదే కుటుంబంలోని మరికొన్ని మందులు అంగళ్లలో దొరుకుతూనే ఉన్నాయి. మందు ఒంటిమీద పడితే వెంటనే బట్టలు విప్పి, సబ్బుతో కడగాలి. కళ్లు తిరిగినా, నోట చొంగ కారినా మందు డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్చాలి. దీనికి అట్రోపిన్ అనే విరుగుడు ఉంది, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

రెండో హెచ్చరిక ఇంట్లో వాడే మాత్రల గురించి. పురుగుమందును విరిచే విద్య ఏ దారిన పాకుతుందో, రోగాల మందులకు లొంగని గుణం కూడా అదే దారిన పాకుతుంది. రక్త విరేచనాలు కలిగించే బాక్టీరియా ఒకేసారి అనేక మందులకు లొంగని గుణాన్ని వేరే బాక్టీరియాకు అందిస్తున్నదని జపానులో 1959లోనే కనుగొన్నారు. అక్కడా మోసుకుపోయింది ప్లాస్మిడ్లే. జ్వరం తగ్గిందని యాంటీబయాటిక్ మాత్రలు మధ్యలో మానేయడం, డాక్టరును అడగకుండా అంగడిలో కొని మింగడం, అవసరం లేకున్నా పశువులకూ కోళ్లకూ వేయడం వంటి వాటివల్ల ఆ గుణమున్న జీవులకే బలం పెరుగుతుంది. ఒక ఇంట్లో చేసిన తప్పుకు ఊరంతా మూల్యం చెల్లించవలసి వస్తుంది.

చేయవలసిన పనులు

కాలువ కింద ఏళ్ల తరబడి మందులు వాడిన మళ్లు కణేకల్, బొమ్మనహాళ్ మండలాల్లో ఉన్నాయి. ఆ పక్కనే వేదవతి ఇసుక మేటలు, నీటి చుక్క లేని మెట్ట నేలలూ ఉన్నాయి. తడి నేల, పొడి నేల ఇంత దగ్గరగా దొరికే చోట మట్టిలో మందు ఎంత నిలుస్తోంది, ఏ జీవులు దాన్ని విరుస్తున్నాయి అన్నది పరీక్షించడం విశ్వవిద్యాలయానికి కష్టమైన పని కాదు. భూసార పరీక్షలో భాస్వరం, పొటాషు ఎంతో చెప్పినట్టే, మందు అవశేషాల సంగతి కూడా రైతుకు చెప్పే ఏర్పాటు జరగాలి.

సైన్సు గ్రూపు తీసుకుని ఇంటర్మీడియెట్ చదువుతున్న ఈ ప్రాంతపు పిల్లలు తెలుసుకోవలసినదీ ఒకటుంది. 2003లో ప్రపంచ శాస్త్రజ్ఞులు చదివిన ఆ ఫలితం మన జిల్లా విశ్వవిద్యాలయంలో, మనలాంటి ఊళ్ల మట్టిలో బతికే జీవుల మీద చేసిన పనితో వచ్చింది. ఆ పని ఇంకా మిగిలే ఉంది. దానికి కావలసిన మట్టి కణేకల్ మళ్లలోనే ఉంది.